ఎ, యాన్, ద: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి

ఇంగ్లిష్‌లో నామవాచకం ముందు వచ్చే ఎ, యాన్, ద అనే ఆర్టికల్స్ గురించి మీ ప్రశ్న సారాంశం ఇది: ఖాళీలు పూరించమంటే అన్నీ సరిగ్గా పెడతారు, సొంతంగా రిపోర్టో ఉత్తరమో రాస్తే మాత్రం ప్రతి పేరాలో రెండు మూడు ఆర్టికల్ తప్పులు దొర్లుతున్నాయి. “మొదటిసారి చెప్పేటప్పుడు ఎ, రెండోసారి ద” అని నేర్చుకున్నారు. అది సగం చోట్లే ఎందుకు పనిచేస్తోందని అడిగారు.

ఆ సూత్రం అసలు నియమం కాదు, నియమం వల్ల వచ్చే ఒక ఫలితం. అసలు నియమం వినేవాడి వైపు నుంచి చూస్తేనే కనబడుతుంది. మీరు ఒక వస్తువు పేరెత్తగానే “అది ఏదో నాకు తెలుసు” అని వినేవాడు అనుకోగలిగితే ద. “ఏదో ఒకటి” అనుకుని ఊరుకుంటే ఎ. ఒకసారి ప్రస్తావించిన వస్తువు రెండోసారికి వినేవాడికి తెలిసిపోయి ఉంటుంది కాబట్టే అక్కడ ద వస్తుంది. తెలియడానికి ముందు ప్రస్తావన ఒక్కటే దారి కాదు. మిగతా దారులు నేర్పకపోవడం వల్లే మీకు ఈ ఇబ్బంది.

తెలుగులో ఆర్టికల్స్ లేవు గాని, ఈ తేడా తెలుగువాడికి కొత్తదేమీ కాదు. “బల్ల మీద పుస్తకం ఉంది” అంటే ఏదో ఒక పుస్తకం. “పుస్తకం బల్ల మీద ఉంది” అంటే మనం వెతుకుతున్న ఆ పుస్తకమే. మాటల వరుస మార్చి మనం చెప్పేదాన్నే ఇంగ్లిష్ ఆర్టికల్ మార్చి చెబుతుంది. మొదటిది “దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్”, రెండోది “ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్”. అలాగే “ఉత్తరం చదివాను” అన్నదానికీ “ఉత్తరాన్ని చదివాను” అన్నదానికీ ఉన్న తేడా చూడండి. ప్రాణం లేని వస్తువులకు మనం ద్వితీయా విభక్తి చేర్చామంటే చాలాసార్లు అది ఇద్దరికీ తెలిసిన వస్తువే అయి ఉంటుంది. మనుషుల విషయంలో ఈ గుర్తు పనిచేయదు. “డాక్టర్‌ని కలిశాను” అన్నప్పుడు తెలిసిన డాక్టరూ కావచ్చు, ఎవరో డాక్టరూ కావచ్చు. అక్కడ ఇంకో పరీక్ష పెట్టుకోండి: మీరు ద అనగానే వినేవాడు “ఏ డాక్టరు?” అని ఎదురు ప్రశ్న వేసేలా ఉంటే ఆ ద తప్పు.

ఒక జాగ్రత్త. ఎ అంటే “ఒక” అనీ, ద అంటే “ఆ” అనీ చేసుకునే సమీకరణం వదిలేయండి. “ఆయన ఇంజనీరు” అనే వాక్యంలో “ఒక” లేదు, ఇంగ్లిష్‌లో మాత్రం “హి ఈజ్ యాన్ ఇంజనీర్” అని యాన్ పెట్టి తీరాలి. “తలుపు వెయ్యి” అన్నప్పుడు “ఆ” లేదు, ఇంగ్లిష్‌లో “క్లోజ్ ద డోర్” అనాలి. తెలుగు వాక్యాన్ని మనసులో అనుకుని మాటకు మాట దింపేవాళ్ల రాతలో ఆర్టికల్స్ మాయమయ్యేది ఇలాంటి చోట్లే.

ఇక రాసేటప్పుడు ప్రతి నామవాచకం దగ్గరా వేసుకోవలసిన ప్రశ్నలకు ఒక వరుస ఉంది. “తెలిసిందా, తెలియనిదా” అన్నది మొదటి ప్రశ్న కాదు. అంతకన్నా ముందు, ఇది లెక్కపెట్టగలిగేదేనా? అవునంటే, ఏకవచనమేనా? ఈ రెంటికీ జవాబు అవునైతే ఆ మాట ఒంటరిగా నిలబడకూడదు. ఎ గాని, యాన్ గాని, ద గాని, లేదా మై, దిస్, ఈచ్, ఎవ్రీ వంటి మాట గాని ముందు ఉండాల్సిందే. “షి బాట్ కార్”, “ఐ హావ్ డౌట్” లాంటివి తప్పని చెప్పడానికి అర్థం కూడా అక్కర్లేదు. ఏకవచనం లెక్కకు వచ్చే మాట, ముందు ఏమీ లేదు, కాబట్టి తప్పు. ఈ ఒక్క తనిఖీతోనే మీ తప్పుల్లో పెద్ద వాటా పట్టుబడుతుంది.

ముందుండే ఆ మాట కూడా ఒక్కటే ఉండాలి. “ద మై బుక్”, “మై ఎ ఫ్రెండ్” కుదరవు. “నా స్నేహితుడొకడు” అని చెప్పాలంటే “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్” అని తిప్పి చెప్పాలి.

లెక్కకు రాని మాటల దగ్గర తెలుగు మనల్ని బాగా తప్పుదారి పట్టిస్తుంది. సలహా, సామాను, వార్త, పరికరం ఇవన్నీ తెలుగులో హాయిగా లెక్కపెడతాం: ఒక సలహా, రెండు వార్తలు, నాలుగు పరికరాలు. ఇంగ్లిష్‌లో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, ఫర్నిచర్, న్యూస్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్, ఎవిడెన్స్, ప్రోగ్రెస్, ట్రాఫిక్, సాఫ్ట్‌వేర్, రీసెర్చ్ లెక్కకు రావు. వాటికి ఎ, యాన్ పెట్టకూడదు, సాధారణ వాడుకలో చివర బహువచనపు ఎస్ కూడా చేరదు. “యాన్ అడ్వైస్” కాదు, “సమ్ అడ్వైస్” లేదా “ఎ పీస్ ఆఫ్ అడ్వైస్”. ముందు విశేషణం చేర్చినా వీటి గుణం మారదు. “ఎ గుడ్ ప్రోగ్రెస్”, “ఎ నైస్ వెదర్” తప్పులే. “ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లిష్” మాత్రం ఒప్పు. ఆ మాట విడిగా అలవాటుపడిపోయింది, దాన్ని చూసి మిగతావాటికి అదే పద్ధతి అంటగట్టొద్దు.

కొన్ని మాటలు అర్థాన్ని బట్టి రెండు పక్కలా ఉంటాయి. పేపర్ అంటే కాగితం అనే పదార్థం, ఎ పేపర్ అంటే వార్తాపత్రిక లేదా పరిశోధన వ్యాసం. ఎక్స్‌పీరియన్స్ అంటే పనిలో గడించిన అనుభవం, యాన్ ఎక్స్‌పీరియన్స్ అంటే ఎదురైన ఒక సంఘటన. గ్లాస్ అంటే గాజు, ఎ గ్లాస్ అంటే తాగే గ్లాసు. అనుమానం వచ్చినప్పుడు విద్యార్థుల కోసం చేసిన డిక్షనరీ తెరవండి. ఒక్కో అర్థం పక్కన అది లెక్కకు వచ్చేదో రానిదో గుర్తు పెట్టి ఉంటుంది. చాలామంది అర్థం చూసి మూసేస్తారు. ఆర్టికల్ దగ్గర తడబడేవాళ్లకు అర్థం కన్నా ఆ గుర్తే ఎక్కువ అవసరం.

ఈ దశ దాటాకే “ఏదో తెలుసా?” అనే ప్రశ్న. వినేవాడికి తెలియడానికి ఉన్న దారులేమిటో చూద్దాం.

ముందే చెప్పి ఉండటం ఒకటి, అది మీకు తెలిసిందే. రెండోది, మీరిద్దరూ ఉన్న చోటును బట్టి తెలియడం. గదిలో ఒకే ఫ్యాన్ ఉంటే “స్విచ్ ఆన్ ద ఫ్యాన్” అనడానికి అంతకుముందు దాని గురించి మాట్లాడి ఉండక్కర్లేదు. ద సన్, ద మూన్, ద స్కై కూడా ఈ కోవలోవే, మనందరికీ ఉన్నది ఒక్కటే కాబట్టి. మూడోది, ఒకదాని ప్రస్తావన ఇంకోదాన్ని వెంటబెట్టుకు రావడం. “ఐ బాట్ ఎ సైకిల్ బట్ ద చైన్ వాజ్ బ్రోకెన్” అనే వాక్యంలో చైన్ మాట రావడం అదే మొదటిసారి. అయినా ద వచ్చింది, ఎందుకంటే సైకిల్ అనగానే దానికో చైన్ ఉంటుందని వినేవాడికి తెలుసు. మీ మొదటిసారి, రెండోసారి సూత్రం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పుస్తకం అంటే ద కవర్, ద ఆథర్. రైలు అంటే ద డ్రైవర్, ద ఇంజిన్. ఇల్లు అంటే ద రూఫ్, ద కిచెన్.

నాలుగోది, మాట వెనకే వచ్చే వివరం దాన్ని గుర్తుపట్టించడం: “ద బుక్ యు గేవ్ మి”. నువ్విచ్చిన పుస్తకం అనగానే ఏదో తెలిసిపోయింది. కానీ వెనక వివరం ఉంటే చాలు ద పెట్టేయాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. “షి వర్క్స్ ఫర్ ఎ కంపెనీ దట్ మేక్స్ టాయ్స్” అన్న వాక్యంలో వివరం ఉంది, అయినా అది ఏ కంపెనీయో వినేవాడికి తెలియదు. బొమ్మలు చేసే కంపెనీలు ఎన్నో. వివరం ఉందా లేదా అన్నది కాదు, అది ఒక్కదాన్నే పట్టిస్తోందా అన్నది చూడాలి.

ఆ దారిలోనే సూపర్లేటివ్‌లకు, ఫస్ట్, ఓన్లీ, సేమ్ లాంటి మాటలకు ద వస్తుంది. అన్నిటికన్నా ఎత్తైనది ఒక్కటే ఉంటుంది కాబట్టి “ద టాలెస్ట్ బిల్డింగ్”. సేమ్ ముందు ద వదిలేయడం మన రాతలో తరచూ కనిపించే లోపం. “వి హావ్ సేమ్ ప్రాబ్లమ్” కాదు, “ద సేమ్ ప్రాబ్లమ్”. వీటిలోనూ అర్థం మారితే ఆర్టికల్ మారుతుంది. “ద సెకండ్ చాన్స్” అంటే వరుసలో రెండోది, “ఎ సెకండ్ చాన్స్” అంటే మరో అవకాశం. తోబుట్టువులు లేని బిడ్డను “యాన్ ఓన్లీ చైల్డ్” అంటారు, అలాంటి పిల్లలు లోకంలో ఎందరో ఉన్నారు కాబట్టి. ఇప్పటి నుంచి లెక్కించే “నెక్స్ట్ వీక్”, “లాస్ట్ ఇయర్” లకు ద ఉండదు.

ఇప్పటిదాకా చెప్పింది ఆర్టికల్ వదిలేసే తప్పుల గురించి. కాస్త ఇంగ్లిష్ వచ్చినవాళ్లు చేసేది దీనికి తలకిందులు. అనవసరంగా ద తగిలిస్తారు. ఒక జాతి మొత్తం గురించి, ఒక భావం గురించి మాట్లాడేటప్పుడు బహువచనానికీ లెక్కకు రాని మాటకూ ఆర్టికల్ అక్కర్లేదు. “డాగ్స్ ఆర్ లాయల్” అంటే కుక్కలన్నీ. “ద డాగ్స్ ఆర్ లాయల్” అంటే మనం మాట్లాడుకుంటున్న ఆ కుక్కలు. “ద నేచర్ ఈజ్ బ్యూటిఫుల్”, “ద సొసైటీ మస్ట్ చేంజ్”, “ద లైఫ్ ఈజ్ షార్ట్” అన్నీ ఇదే జబ్బు, మూడింటిలోనూ ద తీసేయండి. వెనక పరిమితి వస్తే మళ్లీ ద తిరిగొస్తుంది: “ద లైఫ్ ఆఫ్ ఎ సెయిలర్”. ఇదే లెక్కన “మోస్ట్ స్టూడెంట్స్” అంటే సాధారణంగా విద్యార్థుల్లో ఎక్కువమంది, “మోస్ట్ ఆఫ్ ద స్టూడెంట్స్” అంటే ఒక గుంపులో ఎక్కువమంది. “మోస్ట్ ఆఫ్ స్టూడెంట్స్” అనేది ఎటూ చెందదు, రాయొద్దు. జాతి మొత్తాన్ని ఏకవచనంలో చెప్పే పద్ధతీ ఉంది, “ద టైగర్ ఈజ్ యాన్ ఎండేంజర్డ్ యానిమల్” లాగా, గాని అది శాస్త్ర రచనల ధోరణి. మామూలు రాతకు ఆర్టికల్ లేని బహువచనం చాలు.

ఈ చిన్న మాట ఉండటం, లేకపోవడం ఎంత దూరం వెళ్తుందో రెండు ఉదాహరణలు చెబుతాను. 1969 జులైలో చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మాట “వన్ స్మాల్ స్టెప్ ఫర్ మ్యాన్, వన్ జయంట్ లీప్ ఫర్ మ్యాన్‌కైండ్” అని ప్రపంచానికి వినిపించింది. తాను “ఫర్ ఎ మ్యాన్” అనదలచుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. ఆ ఎ లేకపోతే మ్యాన్ అంటే మానవజాతి అయిపోతుంది, అప్పుడు వాక్యం రెండు ముక్కలూ ఒకే అర్థమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎ ఉంటే ఒక మనిషికి చిన్న అడుగు, మానవజాతికి పెద్ద గంతు. రెండోది 1967 నవంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 242వ తీర్మానం. ఆక్రమిత ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వెనక్కు వెళ్లాలని చెప్పే చోట ఇంగ్లిష్ పాఠంలో టెరిటరీస్ అనే మాట ముందు ద లేదు. అంటే అన్ని ప్రాంతాల నుంచా, కొన్నిటి నుంచేనా అనే వాదన ఆనాటి నుంచీ నడుస్తూనే ఉంది.

ఎ, యాన్ ఎంపిక సులభమని పాఠాల్లో రెండు ముక్కల్లో తేల్చేస్తారు గాని, తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. చూడవలసింది అక్షరం కాదు, శబ్దం అని మీకు తెలుసు. అవర్ (గంట), ఆనెస్ట్, ఎయిర్ (వారసుడు) ఇవి హెచ్‌తో మొదలైనా ఆ శబ్దం పలకదు కాబట్టి యాన్. యూనివర్సిటీ, యూనిఫామ్, యూరోపియన్ అచ్చు అక్షరంతో మొదలైనా య శబ్దం కాబట్టి ఎ. చిక్కు ఎక్కడంటే, మన నోరు మాట మొదట్లోని ఎ, ఏ లకు య చేర్చి, ఒ, ఓ లకు వ చేర్చి పలుకుతుంది. పాత అచ్చు పుస్తకాల్లో “యెవరు”, “వొక” అని కనిపించేది అందుకే. అదే అలవాటుతో ఎమ్మెల్యేని “యెమ్మెల్యే” అంటాం, ఓన్లీని “వోన్లీ” అంటాం. చెవిని నమ్మి “ఎ ఎమ్మెల్యే” అని రాసేస్తాం. ఇంగ్లిష్ పలుకుబడిలో అక్కడ య లేదు, కాబట్టి “యాన్ ఎమ్మెల్యే”, “యాన్ ఎఫ్‌ఐఆర్”, “యాన్ ఎస్‌ఎమ్‌ఎస్”, “యాన్ ఎక్స్‌రే”. అక్షరాల పేర్లలో అచ్చు శబ్దంతో మొదలయ్యేవి పన్నెండు: ఎ, ఇ, ఎఫ్, ఎచ్, ఐ, ఎల్, ఎమ్, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్. ఇందులో ఎచ్‌ను మనం హెచ్ అంటాం గాని, ప్రామాణిక ఇంగ్లిష్‌లో దాని పేరు ఎయిచ్, కాబట్టి “యాన్ హెచ్‌ఆర్ మేనేజర్”. యు అక్షరం య శబ్దంతో మొదలవుతుంది కాబట్టి “ఎ యుపిఎస్”. అంకెల్లో 8, 11, 18, 80 లకు యాన్, 1కి ఎ. వన్‌లో మొదటి శబ్దం వ కదా, అందుకే “ఎ వన్-డే మ్యాచ్”.

చెవికీ సంవత్సరానికీ ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు మనం రెంటినీ ఒకేలా ఇయర్ అంటాం. వాళ్లకు చెవి అచ్చుతో, సంవత్సరం య తో మొదలవుతాయి. చెవికి యాన్, సంవత్సరానికి ఎ. ఈ రెండు మాటలూ వేరుగా పలకడం సాధన చేస్తే ఈ విభాగమంతా చెవికి పట్టుబడుతుంది. ఇంకొకటి, చూడవలసింది ఆర్టికల్‌ను వెంటనే అంటుకున్న మాటనే గాని నామవాచకాన్ని కాదు. “యాన్ అంబ్రెల్లా”, కానీ “ఎ బ్లాక్ అంబ్రెల్లా”. “ఎ యూనివర్సిటీ”, కానీ “యాన్ ఓల్డ్ యూనివర్సిటీ”. చరిత్రను బట్టి చూస్తే ముందున్నది యానే. “ఒకటి” అనే పాత మాట అది, హల్లు ముందు న రాలిపోయి ఎ అయింది. ఆ న ఎటు చెందుతుందో జనం తికమకపడటం వల్లే ఒకప్పటి “ఎ నేప్రన్” కాస్తా “యాన్ ఏప్రన్” అయింది. ద విషయంలో రాత మారదు, పలుకు మారుతుంది: హల్లు శబ్దం ముందు ద, అచ్చు శబ్దం ముందు ది.

స్థలాల పేర్లలో స్కూల్, కాలేజ్, ప్రిజన్, కోర్ట్, బెడ్ లాంటివాటికి ఒక పద్ధతి ఉంది. ఆ చోటు ఏ పనికి ఉందో ఆ పనికే వెళ్తే ఆర్టికల్ ఉండదు, కట్టడంగా చూస్తే ద ఉంటుంది. పిల్లవాడు “గోస్ టు స్కూల్”, ఫీజు కట్టడానికి తండ్రి “గోస్ టు ద స్కూల్”. ఆస్పత్రిలో చేరిన రోగిని బ్రిటిష్ వాళ్లు “ఇన్ హాస్పిటల్” అంటే అమెరికన్లు “ఇన్ ద హాస్పిటల్” అంటారు. ఏదో ఒకటి ఎంచుకుని అదే వాడండి. ఆఫీస్, బ్యాంక్, స్టేషన్, మార్కెట్ మాత్రం ఈ జాబితాలో లేవు. “ఐ యామ్ గోయింగ్ టు ఆఫీస్” అని మనం రోజూ అనే వాక్యం ప్రామాణిక ఇంగ్లిష్‌లో చెల్లదు. “టు ది ఆఫీస్” అనాలి, లేదా “టు వర్క్”.

భౌగోళిక నామాలకు పొడవాటి జాబితాలు బట్టీ పట్టే బదులు ఒక ఆకారం గుర్తుంచుకోండి. విస్తరించి ఉండేవాటికీ, గుంపుగా ఉండేవాటికీ ద. నదులు, సముద్రాలు, ఎడారులు, పర్వత శ్రేణులు, ద్వీప సమూహాలు: ద నైల్, ద పసిఫిక్, ద సహారా, ద హిమాలయాస్, ద మాల్దీవ్స్. ఒంటరిగా నిలిచేవాటికి అక్కర్లేదు: మౌంట్ ఎవరెస్ట్, లేక్ విక్టోరియా, ఆసియా. దేశాల్లో బహువచనం పేర్లకూ, స్టేట్స్, కింగ్‌డమ్, రిపబ్లిక్ లాంటి సామాన్య నామం కలిసినవాటికీ ద: ద నెదర్లాండ్స్, ద యునైటెడ్ కింగ్‌డమ్. యుక్రెయిన్‌కు ఒకప్పుడు ద తగిలించేవారు. 1991లో స్వతంత్ర దేశమయ్యాక అది ప్రాంతం పేరులా వినిపిస్తోందని వదిలేశారు, మీరూ వదిలేయండి. మధ్యలో ఆఫ్ ఉన్న పేరుకు సాధారణంగా ద వస్తుంది: “ద యూనివర్సిటీ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్”, కానీ “ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ”. పొడి అక్షరాలుగా పలికే సంస్థలకు ఎక్కువగా ద ఉంటుంది, ఒకే మాటగా చదివేవాటికి ఉండదు: ద యుఎన్, ద బిబిసి, కానీ నాసా, యునెస్కో.

ఆర్టికల్ ఒక్కటే అర్థాన్ని తిప్పేసే జంటల్ని విడిగా రాసి పెట్టుకోండి, ఇవి తర్కంతో అందవు. “ఎ ఫ్యూ ఫ్రెండ్స్” అంటే కొందరు స్నేహితులున్నారు, “ఫ్యూ ఫ్రెండ్స్” అంటే పెద్దగా ఎవరూ లేరు. లిటిల్‌కూ అంతే. “ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్” అంటే చాలామంది, క్రియ ఆర్. “ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్” అంటే వాళ్ల సంఖ్య, క్రియ ఈజ్. “ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద కార్” అంటే కారు ఎదుట, “ఇన్ ద ఫ్రంట్ ఆఫ్ ద కార్” అంటే కారు లోపల ముందు భాగంలో. “ద సెక్రటరీ అండ్ ట్రెజరర్” అంటే రెండు పదవులూ ఉన్న ఒకే మనిషి, “ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్” అంటే ఇద్దరు. మినిట్స్ పుస్తకాల్లోనూ ఒప్పందాల్లోనూ ఈ చివరిదాని దగ్గర చాలా జాగ్రత్త.

రాసేటప్పుడు వీటి గురించి ఆలోచిస్తే కలం ముందుకు కదలదు. రాసేయండి, తర్వాత ఒక్కో నామవాచకం కింద గీత గీయండి. మొదటి చదువులో గీత ఉన్న ఏకవచన లెక్క మాటలు ఒంటరిగా ఉన్నాయేమో ఒక్కటే చూడండి. రెండో చదువులో ప్రతి ద దగ్గరా ఆగి, “ఏది?” అని ఎవరైనా అడిగితే జవాబు ఆ పేజీలోనో, ఇద్దరికీ తెలిసిన లోకంలోనో ఉందా అని చూసుకోండి. జవాబు లేకపోతే, ఏకవచనపు లెక్క మాటైతే ఎ గాని యాన్ గాని చేయండి, బహువచనమైనా లెక్కకు రాని మాటైనా ద కొట్టేయండి. మూడో చదువు పైకి చదవడం, ఎ, యాన్ శబ్దం కోసం. 200 మాటల పేరాకు ఇది మొదట్లో పావుగంట దాకా పట్టొచ్చు. మూడు పనులూ ఒకే చదువులో చేయబోతే దేన్నీ సరిగ్గా పట్టుకోలేరు.

చదివి నేర్చుకునేవాళ్లు వార్తల శీర్షికల నుంచి, నోటీసు బోర్డుల నుంచి, మెసేజ్‌ల నుంచి ఆర్టికల్స్ నేర్చుకోవద్దు. అక్కడ చోటు కోసం వాటిని కావాలనే తీసేస్తారు. ఒక సంపాదకీయమో, పుస్తకంలో ఒక పేజీయో తీసుకుని అందులోని ఎ, యాన్, ద అన్నీ తుడిచేసి మరో కాగితం మీద ఎత్తి రాయండి. మర్నాడు వాటిని మీరే నింపి అసలుతో పోల్చండి. ఇంగ్లిష్ రచనలో ద ఎంత దట్టంగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. 1961లో అచ్చయిన రచనల నుంచి దాదాపు 10 లక్షల మాటలతో కూర్చిన బ్రౌన్ కార్పస్ అనే ఇంగ్లిష్ రచనల సంకలనంలో సుమారు 7 శాతం ఆ ఒక్క మాటే. అంటే ఒక పేజీలో మీకు ఇరవై దాకా ప్రయత్నాలు దొరుకుతాయి. తప్పిన ప్రతిచోటా పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: లెక్క, ఒంటరి, తెలుసు, జాతి, శబ్దం, పేరు. పది పేజీలయ్యేసరికి మీ తప్పులు ఏ మాట కింద ఎక్కువగా పోగుపడ్డాయో కనిపిస్తుంది. ఆ భాగం మీదే కూర్చోండి, మిగతావి మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు.